పన్నెండేళ్ళలోపు నిన్ను చూసిందెవరు? ఏడీహెచ్‌డీ పరీక్ష, మన దేవరగట్టు సైడు నుంచి

ఇది కొంచెం పొడుగు ఎపిసోడ్. ఏడీహెచ్‌డీ మీద ఎపిసోడ్ చేసి దాన్నే ఇంత పొడుగు చేస్తే ఎట్లన్నా అంటారేమో. నిజమే, నేను కూడా నాలుగుసార్లు ఆపి ఆపి రికార్డ్ చేశా. మీరూ ఆపి ఆపి చూడండి. చదువుకునేవాళ్ళ కోసం టెక్స్ట్ కూడా పెడుతున్నాం.

ముందు ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చదివి, బెంగళూరులో నాలుగేళ్ళు కోడ్ రాసి, ఇప్పుడు వీడియోలు చేస్తున్న మనిషిని. నాకు 26 ఏళ్ళప్పుడు ఏడీహెచ్‌డీ ఉందని తేలింది. ఆ తేలడం అనే పని ఎట్లా జరుగుతుంది, అక్కడ ఎవరు ఏం అడుగుతారు, మన సైడు నుంచి పోయేవాళ్ళకు ఎక్కడ చిక్కు పడుతుంది, ఇవాళ మాట్లాడేది అంతే. మన సైడు అంటే ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, హొళగుంద. మాది దేవరగట్టు దగ్గర ఒక పల్లె. దేవరగట్టు అనగానే మీకు దసరా రాత్రి కర్రలు గుర్తొస్తాయని తెలుసు. యూట్యూబ్‌లో మా గట్టు పేరు కొడితే కర్రలు తప్ప ఇంకోటి రాదు. ఇవాళ విషయం వేరే, కానీ దసరా మాత్రం మధ్యలో ఒకసారి వస్తుంది.

ఫోన్ తీస్తే చాలు, "ఈ ఐదు ఉంటే నీకు ఏడీహెచ్‌డీ ఉన్నట్టే" అని రీల్ వస్తుంది. కాళ్ళు ఊపుతావా? తాళాలు ఎక్కడ పెట్టావో మర్చిపోతావా? ఒక పని మొదలుపెట్టి ఇంకో పనిలోకి జారుకుంటావా? అరే, ఇవి లేనివాళ్ళు ఎవరు చెప్పండి. నిద్ర సరిగ్గా లేని వారంలో మా మేనేజర్‌కు కూడా ఈ ఐదూ ఉండేవి. రీల్ చూసి అనుమానం రావడం తప్పేం కాదు, చాలామందికి అట్లే మొదలవుతుంది. కానీ అనుమానానికీ నిర్ధారణకూ మధ్య చాలా దూరం ఉంది.

దీనికి రక్తపరీక్ష లేదు. తలకు స్కానింగ్ తీసి చెప్పేది కాదు. "బ్రెయిన్ మ్యాపింగ్ చేస్తాం, రిపోర్ట్‌లో తెలిసిపోతుంది" అని ఎవరన్నా ప్యాకేజీ చెప్తే డబ్బులు జేబులోనే పెట్టుకోండి. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి బొమ్మ కనపడినప్పుడల్లా బటన్ నొక్కమనే పరీక్షలు ఉన్నాయి, అవి డాక్టర్‌కు సాయానికి పనికొస్తాయి, అంతే. అవే తేల్చవు.

మరి తేల్చేదేంది? అమెరికా సైకియాట్రీ సంఘం వాళ్ళ డీఎస్ఎమ్ అనే పుస్తకం ఒకటి ఉంది. మన దేశంలో డాక్టర్లు కూడా దాన్నో, ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ ఐసీడీనో చూస్తారు. 2013లో వచ్చిన డీఎస్ఎమ్ ఐదో ఎడిషన్ ప్రకారం లక్షణాలు రెండు గుంపులు. ధ్యాస నిలవకపోవడానికి సంబంధించినవి 9, కుదురు లేకపోవడం, ఆగలేకపోవడానికి సంబంధించినవి 9. పిల్లలకైతే ఏదో ఒక గుంపులో కనీసం 6 ఉండాలి. 17 ఏళ్ళు దాటినవాళ్ళకు 5 చాలు. ఆరు నెలలుగా ఉండాలి. ఇక్కడిదాకా రీల్స్ వాళ్ళు కూడా చెప్తారు. వాళ్ళు వదిలేసేది దీని తర్వాత వచ్చే భాగం.

ఆ లక్షణాల్లో కొన్ని పన్నెండేళ్ళ లోపే కనపడి ఉండాలి. ఒక్క చోట కాదు, కనీసం రెండు చోట్ల కనపడాలి: ఇంట్లో, బళ్ళో, పనిలో, ఇట్లా. వాటివల్ల బతుకు నిజంగా దెబ్బతిని ఉండాలి, అంటే చదువో, పనో, మనుషులతో సంబంధాలో. ఇంకో కారణం ఏదీ దాన్ని ఇంతకంటే బాగా వివరించకూడదు. పన్నెండేళ్ళు అన్నది కూడా పాత పుస్తకంలో ఏడేళ్ళుగా ఉండేది. ఏడేళ్ళలోపు సంగతి గుర్తు తెచ్చుకోవడం ఎవరికీ సాధ్యం కావట్లేదని పెంచారు.

ఇప్పుడు ఆలోచించండి. నాకు 26 ఏళ్ళు. డాక్టర్ ముందు కూర్చున్నా. ఆయనకు కావాల్సింది నా ఎనిమిదో ఏట నేను ఎట్లా ఉన్నానో. అది నన్ను అడిగితే నేనేం చెప్తా? నాకు గుర్తున్నది నేను చెప్పుకునే కథ. అందుకే ఆయన అడిగేది, "మీ చిన్నప్పుడు మిమ్మల్ని దగ్గర నుంచి చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వాళ్ళతో మాట్లాడొచ్చా?" పెద్దవాళ్ళకు ఎక్కువగా వాడే డీవా అని ఒక ఇంటర్వ్యూ పద్ధతి ఉంది, నెదర్లాండ్స్‌లో తయారైంది. దాంట్లో ప్రతి లక్షణానికీ రెండు ప్రశ్నలు ఉంటాయి: ఇప్పుడు ఎట్లా ఉంది, చిన్నప్పుడు ఎట్లా ఉండేది. వీలైతే ఇంట్లోవాళ్ళు పక్కన కూర్చోవాలని వాళ్ళే చెప్తారు.

హైదరాబాద్‌లో, బెంగళూరులో పెరిగినవాళ్ళకు ఇది పెద్ద సమస్య కాదు. అమ్మానాన్న ఉంటారు, బీరువాలో ప్రోగ్రెస్ కార్డులు ఉంటాయి, "టాక్స్ ఇన్ క్లాస్" అని టీచర్ ఎర్ర ఇంకుతో రాసి ఉంటుంది. మన సైడు ఎవరు చూసి ఉంటారు?

బయటోళ్ళకు తెలియకపోవచ్చు కాబట్టి చెప్తా. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద, ఆలూరు, ఈ మండలాల్లో వానాకాలం పంట అయిపోతే ఊళ్ళు ఖాళీ అవుతాయి. మిరప కోతలకు, పత్తి తీసేకి గుంటూరు సైడు పోతారు. ఇంకొందరు బిల్డింగ్ పనులకు బెంగళూరు, హైదరాబాద్. తిరిగొచ్చేది ఉగాది చుట్టుపక్కల. పిల్లోళ్ళను కొందరు తీసుకుపోతారు, కొందరు అవ్వతాతల దగ్గర వదిలిపోతారు, కొందరిని సీజనల్ హాస్టల్‌లో పెడతారు. అంటే బళ్ళో ఒక టీచర్ ఒక పిల్లోడిని జూన్ నుంచి ఏప్రిల్ దాకా వరసగా చూడటం అనేదే జరగదు. అమ్మ చూసేది సగం సంవత్సరం. అవ్వ చూసేది మిగతా సగం. పూర్తిగా చూసినవాళ్ళు ఎవరూ ఉండరు.

ఇంకోటి కూడా ఉంది. నాలుగు నెలలు బడికి పోకుండా మిరపతోటలో ఉండి వచ్చిన పిల్లోడు మూడో తరగతిలో కూర్చుంటే వాడికి పాఠం ఎక్కడ అర్థమవుతుంది? కిటికీలోంచి బయటికి చూస్తాడు. పక్కోడిని గిల్లుతాడు. నోట్స్ సగం రాసి వదిలేస్తాడు. టీచర్ ఫారంలో ఉండే గడులన్నీ టిక్ పడిపోతాయి. అది ఏడీహెచ్‌డీనా, వలసనా? ఒక్క ఫారం చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే రెండు చోట్లు అనే షరతు. బళ్ళో పాఠం దగ్గర మాత్రమే ఇట్లా ఉండి, ఆటలో, గొర్లు కాసేటప్పుడు, కథ వినేటప్పుడు కుదురుగా ఉంటే సమస్య పాఠంలో ఉండొచ్చు. అన్నిచోట్లా ఇట్లే ఉంటే అప్పుడు ఆలోచించాలి.

నా సంగతికి వస్తా. మా అమ్మానాయన నాకు ఆరేళ్ళు వచ్చినప్పటి నుంచి ప్రతి సంవత్సరం గుంటూరు పోయేవాళ్ళు. నన్నూ మా చెల్లినీ సాకింది మా అవ్వ. డాక్టర్ అడిగిన వెంటనే నేను అమ్మకు ఫోన్ చేశా. "అమ్మా, చిన్నప్పుడు నేను బాగా అల్లరి చేసేవాణ్ణా?" "నువ్వా? బంగారం కదరా నువ్వు. ఎవరేమన్నారు నిన్ను?" అయిపోయింది. అమ్మకు అది ప్రశ్న లాగా వినపడలేదు, తన కొడుకు మీద ఎవరో చెప్పిన చాడీ లాగా వినపడింది. నాయనను అడిగితే "మగపిల్లలు అట్లే ఉంటారు" అన్నాడు.

ఇక్కడ నేను నేర్చుకున్నది మీకు నేరుగా పనికొస్తుంది, రాసుకోండి. పెద్దవాళ్ళను "అల్లరి చేసేవాణ్ణా, మతిమరుపు ఉండేదా" అని అడగొద్దు. వాళ్ళు తీర్పు చెప్తారు, ప్రేమతోనో కోపంతోనో. జరిగినవి అడగండి. "నన్ను అంగడికి పంపితే ఏమయ్యేది?" "అన్నం తినేటప్పుడు ఎట్లా కూచునేవాణ్ణి?" "పండక్కి కొన్న చెప్పులు ఎన్ని రోజులు ఉండేవి?" అప్పుడు మాటలు బయటికొస్తాయి.

ఆ సంవత్సరం దసరాకు ఊరికి పోయా. మా ఊళ్ళల్లో దసరాకు అందరూ ఉంటారు. దేవరగట్టు మీద మాళమ్మకూ మల్లేశ్వరస్వామికీ అర్ధరాత్రి కల్యాణం అవుతుంది, ఆ తర్వాత ఉత్సవం. దాన్ని వదిలిపెట్టి ఎవరూ పోరు. వలసలు మొదలయ్యేది దాని తర్వాతే. అంటే నా చిన్నతనం చూసినవాళ్ళందరూ ఒక్కచోట దొరికేది సంవత్సరంలో ఆ నాలుగు రోజులే. నేను ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి ఇల్లిల్లూ తిరిగా. అందరికీ చెప్పే రికార్డ్ చేశాలెండి.

మా అవ్వను అడిగా, నన్ను నీళ్ళకు పంపితే ఏమయ్యేది అని. అవ్వ నవ్వింది. "నిన్ను నీళ్ళకి పంపేది యాడిది సామీ. ఒకతూరి పంపిస్తి. బిందె బోరింగు కాడ ఇడిసిపెట్టి, ఎవరో గొర్లు తోలుకోని పోతాంటే వాళ్ళెంబడి గట్టు దాకా పోయినావు. పొద్దు మునిగినాక వచ్చినావు. బిందె యాడరా అంటే, ఏ బిందె అంటివి." ఇంకా చాలా చెప్పింది. అన్నం గిన్నె చేతిలో పెట్టుకోని నడుస్తా తినేవాణ్ణంట. ఎవరన్నా మాట్లాడుతుంటే వాళ్ళ మాట అయిపోకముందే జవాబు చెప్పేవాణ్ణంట. పలకలు ఎన్ని పోగొట్టానో లెక్క లేదంట. మూడేళ్ళప్పటి నుంచి అట్లేనని అవ్వ అంది. ఆ మాట తర్వాత చాలా ముఖ్యమైంది, చెప్తా.

బడి సంగతి చెప్పేకి మా ప్రైమరీ స్కూల్ సార్‌ను పట్టుకున్నా. రిటైర్ అయి ఆలూరులో ఉంటున్నారు. నన్ను గుర్తుపట్టడానికి రెండు నిమిషాలు పట్టింది, గుర్తుపట్టాక మాత్రం ఆగలేదు. లెక్క నోటితో అడిగితే అందరికంటే ముందు చెప్పేవాడివి, అదే లెక్క పలక మీద చేయమంటే సగంలో వదిలేసేవాడివి అన్నారు. అవ్వ ట్రంకు పెట్టెలో నా నాలుగో తరగతి తెలుగు నోట్సు ఒకటి దొరికింది. ప్రతి పేజీ పైన నీటుగా మొదలవుతుంది, కిందికి పోయేకొద్దీ అక్షరాలు పెద్దవై, వంకరపోయి, సగం పేజీలో ఆగిపోతాయి. దాన్ని ఫోటో తీసుకున్నా. నా ప్రోగ్రెస్ కార్డులు ఏవీ లేవు. ఆ నోట్సే నా ప్రోగ్రెస్ కార్డు.

ఇవన్నీ పెట్టుకోని మళ్ళీ బెంగళూరులో డాక్టర్ దగ్గరికి పోయా. ఆయన అవ్వతో ఫోన్‌లో మాట్లాడతా అన్నాడు. ఆయనకు తెలుగు రాదు. అవ్వకు కన్నడ వచ్చు, మా ఊరు నుంచి కర్ణాటక ఎంత దూరమని. ఇరవై నిమిషాలు ఇద్దరూ కన్నడలో మాట్లాడుకున్నారు, నన్ను బయట కూర్చోబెట్టి. ఏం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. అవ్వను అడిగితే "మంచోడు, తిన్నావా అని అడిగినాడు" అంటుంది.

ఆ డాక్టర్ వేసిన ఒక ప్రశ్న నాకు బాగా నచ్చింది, నచ్చింది అంటే ఆ రోజు కాదు, తర్వాత. "ఆరేళ్ళ పిల్లోడిని వదిలేసి ప్రతి సంవత్సరం అమ్మానాన్న పోతే వాడికి కుదురు ఉండకపోవడం సహజమే కదా? ఇది ఏడీహెచ్‌డీ అని ఎందుకు అనుకోవాలి?" నా దగ్గర జవాబు లేదు. జవాబు ఆయనే అవ్వ మాటల్లోంచి తీశాడు. ఒకటి, వలస మొదలుకాకముందే, మూడేళ్ళప్పుడే అట్లా ఉన్నా. రెండు, అమ్మానాయన ఊళ్ళో ఉన్న నెలల్లో కూడా ఏం తేడా లేదు. మూడు, అదే ఇంట్లో, అదే అవ్వ చేతిలో, అదే వలసలో పెరిగిన మా చెల్లి అట్లా లేదు. ఈ మూడూ కలిపి, ఇప్పుడు ఆఫీసులో జరుగుతున్నవి కలిపి, నిద్ర, థైరాయిడ్, డిప్రెషన్, ఆందోళన ఇవన్నీ అడిగి పక్కన పెట్టి, రెండు గుంపులూ కలిసిన రకం అని రాశాడు. రెండు సిట్టింగ్‌లు పట్టింది. పది నిమిషాల్లో చీటీ మీద "ఏడీహెచ్‌డీ" అని రాసిచ్చే చోట నాకైతే నమ్మకం ఉండదు. పది నిమిషాల్లో "నీకేం లేదు పో, ఫోన్ తగ్గించు" అనే చోట కూడా అంతే.

ఇప్పుడు పిల్లల సంగతి. ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే పిల్లలకు సాక్షులు ఇప్పుడు కళ్ళ ముందే ఉన్నారు.

మా వీధిలో ఒక పిల్లోడు ఉన్నాడు, ఎనిమిదేళ్ళు. పేరు చెప్పను. మొన్న దసరాకు పోయినప్పుడు వాళ్ళమ్మ నన్ను ఆపింది. "అన్నా, టీచరమ్మ మావానికి నీకుండేదే ఉండొచ్చు అంటాంది. చెప్తాంటే వినడంట, పిలిస్తే పలకడంట. దీపావళి అయినాక మేం గుంటూరు పోవాల. వీన్ని హాస్టల్‌లో ఇడిసేకి భయం, తీసుకపోయేకి బడి పోతాది. ఏం చేయమంటావ్?" అప్పటికే ఆమె ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంది, తాయెత్తు కట్టించింది. దాని మీద నాకు ఏ గొడవా లేదు, మా అవ్వ కూడా నాకు కట్టించింది. మొక్కు మొక్కే, ఆసుపత్రి ఆసుపత్రే, రెండూ చేసుకోవచ్చు.

నేను ఆమెకు చెప్పిందే మీకు చెప్తా. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్ అని కేంద్ర పథకం ఉంది, ఆర్‌బీఎస్‌కే అంటారు, 2013లో మొదలైంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలకు 30 రకాల సమస్యలు చూడాలి దాంట్లో. గుండెలో రంధ్రం, రక్తహీనత, చూపు, వినికిడి, ఇట్లా. చాలామందికి తెలియనిది ఏందంటే ఆ 30లో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. ఆ టీమ్‌లు అంగన్‌వాడీలకు సంవత్సరానికి రెండుసార్లు, సర్కారు బళ్ళకు ఒకసారి రావాలి. అనుమానం ఉన్న పిల్లలను జిల్లా స్థాయి సెంటర్‌కు పంపాలి, దాన్ని డీఈఐసీ అంటారు. మనకు కర్నూలు పెద్దాసుపత్రిలో అడగాలి. ఆదోని నుంచి సుమారు 100 కిలోమీటర్లు, ఒక రోజు కూలి పోతుంది, నిజమే. అందుకే పోయేముందు బళ్ళో హెడ్మాస్టర్‌తోనో, ఊళ్ళో ఏఎన్ఎమ్ అక్కతోనో మాట్లాడి పేరు రాయించుకోని పోండి.

ఆ పిల్లోడికి ఏమైందో వినండి. ముందు చెవులు చూశారు. వాడికి చెవి కారేది ఎప్పటినుంచో. ఊళ్ళో నూనె పోసేవాళ్ళు. రెండు చెవుల్లోనూ వినికిడి తగ్గింది. పిలిస్తే పలకడు అంటే మరి, సగం వినపడటం లేదు వాడికి. మొదట చెవికి వైద్యం, మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం అన్నారు. అంటే ఏడీహెచ్‌డీ లేదనా? అట్లా కూడా కాదు. చెవి సమస్య ఉన్న పిల్లోడికి ఏడీహెచ్‌డీ కూడా ఉండొచ్చు. ముందు పొగమంచు తీసేసి తర్వాత చూడాలి. చెవి, కన్ను, రక్తహీనత, నిద్ర, కొన్ని సెకండ్లు కళ్ళు అట్లే నిలబెట్టి ఆగిపోయే రకం మూర్ఛ, ఇంట్లో తాగుడు గొడవలు, ఇవన్నీ బయటికి ఒకేలా కనపడతాయి. దేశంలో ఐదు చోట్ల పిల్లలను చూసి 2018లో ఒక పెద్ద అధ్యయనం వేశారు, ఆ ఐదులో మన హైదరాబాద్ ఒకటి. రెండేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు సుమారు నాలుగు వేల మంది. దాంట్లో వినికిడి, మూర్ఛ, ఆటిజం, ఏడీహెచ్‌డీ, చదవడం రాయడంలో ఇబ్బంది, అన్నీ కలిపి చూశారు. ఒకే పిల్లోడికి రెండు మూడు కలిసి ఉండటం కూడా కనపడింది.

ఆడపిల్లల గురించి ఆగి చెప్పాలి. ఇప్పటిదాకా నేను చెప్పినవన్నీ మగపిల్లల కథలు, గమనించారా? బిందె వదిలేసి గొర్ల వెంట పోయేకి నాకు కుదిరింది. మా చెల్లి పోయి ఉంటే అదే రోజు కాళ్ళు విరగ్గొట్టేవాళ్ళు. ఆడపిల్లల్లో ఎక్కువగా పరిగెత్తే రకం కాకుండా పరధ్యానం రకం ఉంటుంది. క్లాసులో వెనక కూర్చుని ఎవరినీ ఇబ్బంది పెట్టదు కాబట్టి టీచర్ పట్టించుకోదు. ఇంట్లో "పాలు పొంగిపోతున్నా కదలదు, మొద్దు" అంటారు. ఏడో తరగతి, ఎనిమిదో తరగతిలో మార్కులు పడిపోతే "చదువు రాదులే" అని బడి మాన్పించేస్తారు, ఆ తర్వాత పెళ్ళి. మన సైడు ఎంతమంది ఆడపిల్లల ఫైలు ఆ "మొద్దు" అనే ఒక్క మాటతో మూసేశారో. మీ చెల్లో, మీ మరదలో అట్లా ఉంటే ఈ వీడియో పంపొద్దు, మీరే పోయి మాట్లాడండి, ఆర్‌బీఎస్‌కే వాళ్ళకు ఆ పిల్ల పేరు కూడా ఇవ్వండి.

పెద్దవాళ్ళు ఎక్కడికి పోవాలి? సైకియాట్రిస్ట్ దగ్గరికి. క్లినికల్ సైకాలజిస్ట్ పరీక్షలు చేస్తారు, మాట్లాడతారు, మందు రాయరు. కర్నూలు పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది. మన సైడు వాళ్ళకు బెంగళూరు కూడా దగ్గరే, ఆదోనిలో ఉద్యాన్ ఎక్కితే దిగేది అక్కడే, నిమ్‌హాన్స్ ఉంది. ఎక్కడికి పోవాలో అర్థంకాకపోతే 14416 కొట్టండి. టెలీ మానస్, 2022 అక్టోబర్ 10న మొదలైంది, ఫ్రీ, రాత్రైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. వాళ్ళు ఫోన్‌లో ఏడీహెచ్‌డీ ఉందో లేదో చెప్పరు, కానీ మీకు దగ్గర్లో ఎక్కడికి పోవాలో చెప్తారు. పోయేముందు ఇంట్లో ఒకటి చేసుకోవచ్చు: ఏఎస్‌ఆర్‌ఎస్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి తయారుచేసిన 18 ప్రశ్నల లిస్టు, మొదటి 6 ప్రశ్నలే ముఖ్యం. అది జల్లెడ మాత్రమే, అందులో మార్కులు ఎక్కువొచ్చాయని స్టేటస్ పెట్టుకోవద్దు.

"ఆఫీసులో తెలిసిపోతుందా అన్నా" అని చాలామంది భయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు. మీరు చెప్తే తప్ప ఆఫీసుకు తెలియాల్సిన పని లేదు. నేను నా టీమ్ లీడ్‌కు ఒక్కడికే చెప్పా, మీటింగ్ తర్వాత చేయాల్సినవి రాతలో పంపమని అడగడానికి. "సర్టిఫికెట్ వస్తుందా, రిజర్వేషన్ ఉందా" అని కూడా అడుగుతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు ఉన్నాయి, దాంట్లో ఆటిజం ఉంది, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బంది ఉంది. ఏడీహెచ్‌డీ లేదు. పిల్లోడికి రెండూ ఉంటే ఆ చదువు ఇబ్బంది మీద అడగొచ్చు, అందుకే దాన్ని కూడా పరీక్ష చేయించండి. ఈ లిస్టులో ఏడీహెచ్‌డీ లేకపోవడం నాకు నచ్చదు, కానీ ఉన్న సంగతి ఇది.

మందుల గురించి రెండు ముక్కలే. మిథైల్‌ఫెనిడేట్ అనేది ఎక్కువగా రాసే మందు. మన దేశంలో అది షెడ్యూల్ ఎక్స్‌లో ఉంది, అంటే చీటీ రెండు కాపీలు ఉండాలి, ఒకటి మందుల షాపు వాళ్ళు రెండేళ్ళు దాచిపెట్టాలి. చిన్న ఊళ్ళ షాపుల్లో అందుకే ఉంచరు. అటోమాక్సెటిన్ అని ఇంకో రకం ఉంది, దానికి ఈ రెండు కాపీల తిప్పలు లేవు. ఏది ఎవరికి అనేది డాక్టర్ పని. ఫ్రెండ్ దగ్గర మాత్ర అడిగి పరీక్షకు ముందు వేసుకోవడం మాత్రం చేయొద్దు, గుండె ఎట్లా ఉందో చూడకుండా ఎవరూ ఇవ్వకూడని మందు అది. ఆరేళ్ళలోపు పిల్లలకైతే ముందు అమ్మానాన్నలకు శిక్షణ, తర్వాతే మందు అని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2019లో చెప్పింది. మిగతాది ఇంకో ఎపిసోడ్‌లో.

మా వీధి పిల్లోడి దగ్గరికి మళ్ళీ వస్తా, ఎందుకంటే అది ఇంకా అయిపోలేదు. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు వాండర్‌బిల్ట్ అని ఫారాలు ఉంటాయి, ఇంట్లోవాళ్ళకు ఒకటి, 55 ప్రశ్నలు, టీచర్‌కు ఒకటి, 43 ప్రశ్నలు. మూడు నెలల తర్వాత రమ్మన్నారు కదా, అంటే జనవరి. జనవరిలో వాళ్ళమ్మ ఉండేది గుంటూరు మిరపతోటలో. ఇంటి ఫారం ఎవరు నింపాలి? అవ్వకు చదువు రాదు. అందుకని వాళ్ళమ్మ బస్సు ఎక్కేముందు రోజు రాత్రి కూర్చున్నాం, నేను ఒక్కొక్క ప్రశ్న మన భాషలో చదివా, "మొదలుపెట్టిన పని అవగొడతాడా" దగ్గర్నుంచి. ఆమె చెప్పింది రాశా, ప్రతి దాని పక్కన ఒక సంఘటన, తేదీ. అదే అవ్వతో మళ్ళీ విడిగా చేశా, ఇద్దరి జవాబులూ చాలాచోట్ల కలవలేదు. కలవని చోట్లను అట్లే ఉంచా, దిద్దలేదు, అది డాక్టర్ చూడాల్సింది. చివరికి వాణ్ణి హాస్టల్‌లో పెట్టారు. హాస్టల్ వార్డెన్ అక్కకు ఒక చిన్న నోట్‌బుక్ ఇచ్చి వచ్చా, వారానికి రెండు లైన్లు రాయమని: చెవి మందు పడిందా, పిలిస్తే పలికాడా, అన్నం దగ్గర కూర్చున్నాడా. ఇప్పటిదాకా మూడు వారాలవి ఫోటో తీసి పంపింది. రెండో వారంలో ఒక లైన్ ఉంది: "ఈరోజు వెనక నుంచి పిలిస్తే తిరిగినాడు."